‘మేము’ వెనుక దాక్కున్న మనిషి: ఒక కేర్ హోం అప్రెంటిస్ కేసు

ఇంగ్లండ్‌లో పెద్దల ఆలనాపాలనా చూసే ఒక కేర్ హోం అప్రెంటిస్ తన పని గురించి ‘నేను’ అనకుండా ‘మేము’ అనే ఎందుకు అంటోందో వెతుకుతూ, ఈ కేసులో నేను మూడుసార్లు తప్పు కారణాన్ని పట్టుకున్నాను. మొదటి రెండూ నా వృత్తిలో ఎవరైనా చేసే పొరపాట్లే. మూడోది మాత్రం నాకూ ఆ అప్రెంటిస్‌కూ మాతృభాష ఒకటే కావడం వల్ల జరిగింది. అందుకే దీన్ని తెలుగులో రాస్తున్నాను.

ఆమె అనుమతి తీసుకున్నాను. ఇక్కడ ఆమెను ‘ఎస్’ అంటాను. వయసు, ఊరు, కేర్ హోం ఆనవాళ్ళు, కొన్ని తేదీలు మార్చాను. ఆ హోంలో ఉంటున్న పెద్దల గురించి కేసుకు అవసరమైనంత వరకే చెప్పాను.

నేపథ్యం

అప్రెంటిస్ అనగానే మనవాళ్ళకు ఐటీఐ పూర్తిచేసి ఆర్టీసీ డిపోలోనో భెల్‌లోనో ఏడాదిపాటు స్టైపెండ్ మీద పనిచేసే కుర్రవాడు గుర్తొస్తాడు. ఇంగ్లండ్‌లో సంగతి వేరు. ఇక్కడ గరిష్ఠ వయసు లేదు. యాభై ఏళ్ళ మనిషి తాను చేస్తున్న ఉద్యోగంలోనే ఉంటూ అప్రెంటిస్‌గా చేరవచ్చు. జీతం యజమాని ఇస్తాడు. ఏడాది జీతాల బిల్లు 30 లక్షల పౌండ్లు దాటిన సంస్థలు 2017 ఏప్రిల్ నుంచి అప్రెంటిస్‌ల శిక్షణ కోసమని అర శాతం లెవీ కడుతున్నాయి. అంతకన్నా చిన్న సంస్థలు, ఎస్ చేరినప్పటి నిబంధనల ప్రకారం, ఆమె వయసువాళ్ళ శిక్షణ ఖర్చులో 5 శాతం పెట్టుకుంటే మిగతా 95 శాతం ప్రభుత్వం భరించేది.

నేను ఒక శిక్షణ సంస్థలో స్కిల్స్ కోచ్‌ని. నెలకోసారి పనిచోటుకు వెళ్ళి నేర్పుతాను, చూస్తాను, ఆధారాలు పోగుచేయిస్తాను. పాస్ చేసేది మాత్రం నేను కాదు. ఇంగ్లండ్ అప్రెంటిస్ విధానం మీద 2012లో వచ్చిన ‘రిచర్డ్ రివ్యూ’ అనే నివేదిక గట్టిగా చెప్పిన విషయాల్లో ఇదొకటి: నేర్పినవాళ్ళే పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చుకోకూడదు. అందుకే చివర్లో ‘ఎండ్ పాయింట్ అసెస్‌మెంట్’ అని ఒకటి పెట్టారు. ఎస్ చేరినప్పటి పద్ధతిలో, మాతో సంబంధం లేని సంస్థ నుంచి అసెసర్ వచ్చి, అప్రెంటిస్‌తో కూర్చుని, పోగుచేసిన ఆధారాల పోర్ట్‌ఫోలియో ముందు పెట్టుకుని మాట్లాడేవారు. దాన్ని ‘ప్రొఫెషనల్ డిస్కషన్’ అంటారు. ఈ కేసంతా ఆ సంభాషణ చుట్టూనే తిరుగుతుంది.

ఎస్‌కు ముప్పై దాటాయి. కోస్తా ఆంధ్రలో బి.కాం. చదివింది. భర్త స్కిల్డ్ వర్కర్ వీసా మీద వస్తే డిపెండెంట్‌గా వచ్చింది. ఒక కేర్ హోంలో రెండేళ్ళు పనిచేసి, మానేసి, ఇప్పుడున్న నర్సింగ్ హోంలో చేరింది. ఎందుకు మానేసిందని నేను మొదటి సమావేశంలో అడిగాను. “దూరం, మేడమ్” అంది. రాసుకుని తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోయాను. ఆ తొందరకు తర్వాత చాలా నెలలు మూల్యం చెల్లించాను.

దేశంలో మూడేళ్ళ నివాసం పూర్తి కావడంతో ఆమెకు శిక్షణ నిధులకు అర్హత వచ్చింది. మేనేజర్ ఏరికోరి 2024 మొదట్లో లెవెల్ 3 ‘లీడ్ అడల్ట్ కేర్ వర్కర్’ కోర్సులో చేర్పించింది. పద్దెనిమిది నెలల కార్యక్రమం. మిగతా కేరర్లకు దారి చూపించే స్థాయి అది. “మా ఫ్లోర్‌లో ఏదైనా తేడా వస్తే ముందు కనిపెట్టేది తనే” అంది మేనేజర్. ఆ మాటలో అతిశయం లేదని నేను తర్వాత కళ్ళారా చూశాను.

సమస్య ఎలా కనిపించింది

ఏడో నెలకు పోర్ట్‌ఫోలియోలో పదకొండు రచనలు చేరాయి. పదకొండూ ఒకే గొంతు. ఒకటి తెలుగులో చెబితే ఇలా ఉంటుంది: “మధ్యాహ్నం రెసిడెంట్‌కు సాయం అందించబడింది. పరిస్థితి గమనించబడింది. నర్సుకు తెలియజేయబడింది. మేము కేర్ ప్లాన్‌ను పాటించాము.” అందించింది ఎవరు? గమనించింది ఎవరు? ఆ పేరాలో అందరూ ఉన్నారు, ఎస్ తప్ప.

మాక్ డిస్కషన్ పెట్టాం. నా సహోద్యోగి అసెసర్‌గా కూర్చున్నాడు. “మీరు ఒంటరిగా నిర్ణయం తీసుకోవాల్సి వచ్చిన సందర్భం చెప్పండి” అని అడిగితే, “మేము నిర్ణయాలు తీసుకోము, కేర్ ప్లాన్ ప్రకారం చేస్తాము” అంది. అదే ప్రశ్న తిప్పి తిప్పి నాలుగు రకాలుగా అడిగాడు. అదే జవాబు. అతను తన కాగితం మీద రాసిన ఒక వాక్యం ఇప్పటికీ నా ఫైల్లో ఉంది: “ఈమె ఆ గదిలో ఉన్నట్టు నాకు ఆధారం దొరకలేదు.”

బయటివాళ్ళకు ఇదేదో వ్యాకరణ పట్టింపులా అనిపించవచ్చు. కాదు. అసెసర్ మార్కు వేయగలిగింది ఆ అప్రెంటిస్ స్వయంగా చేసిన పనికే. ‘మేము చేశాం’ అంటే ఆమె చేసిందో, పక్కన నిలబడి చూసిందో తేలదు. పైగా ఈ కోర్సులో కేర్, కంపాషన్, కరేజ్, కమ్యూనికేషన్, కాంపిటెన్స్, కమిట్‌మెంట్ అని ఆరు గుణాలకు ఆధారం చూపించాల్సి ఉండేది. 2012 చివర్లో ఇంగ్లండ్ నర్సింగ్ వ్యవస్థ ప్రకటించిన ‘సిక్స్ సీస్’ అవి. కరేజ్, అంటే ధైర్యం, అనే గడి ఎస్ ఫైల్లో ఖాళీగా ఉంది.

మొదటి ఊహ: ఇంగ్లిష్

అందరికీ ముందు తట్టేది ఇదే. వలస వచ్చిన మనిషి, రాత పొడిపొడిగా ఉంది, కాబట్టి భాష. అప్పటి నిబంధనల ప్రకారం ఆమె ఎలాగూ ఫంక్షనల్ స్కిల్స్ ఇంగ్లిష్ లెవెల్ 2 పాస్ కావాలి. (పందొమ్మిదేళ్ళు దాటి చేరిన వాళ్ళకు అది తప్పనిసరి కాదనే సడలింపు 2025 ఫిబ్రవరిలో వచ్చింది.) సరే, ఒక దెబ్బకు రెండు పిట్టలు అనుకున్నాను. వారం వారం క్లాసు, వ్యాసాలు, దిద్దుబాట్లు. చదవడం, రాయడం, మాట్లాడడం మూడు భాగాలూ మొదటిసారే పాసైంది. రాత పరీక్షలో పార్కింగ్ ఇబ్బంది గురించి కౌన్సిల్‌కు లేఖ రాయమంటే, “నేను గత నెల మూడుసార్లు ఫోన్ చేశాను, మీరు ఒక్కసారీ తిరిగి చేయలేదు” అన్న ధోరణిలో దులిపేసిందట. తనే నవ్వుతూ చెప్పింది.

నేను అక్కడే ఆగి ఆలోచించవలసింది. పార్కింగ్ గురించి ‘నేను’ అని ధాటిగా రాయగలిగిన మనిషి, తన పని గురించి రాసేటప్పుడు ఎందుకు మాయమవుతోంది? అప్పుడు ఆ ప్రశ్న నాకు తట్టలేదు. పాసైన సంబరంలో ఉన్నాను.

రెండో ఊహ: సమయం

దీనిలో నిజం కొంత ఉంది. అప్పటి నిబంధనల ప్రకారం, వారానికి 30 గంటలు, ఆపైన పనిచేసే అప్రెంటిస్‌కు వారానికి సగటున కనీసం ఆరు గంటలు పని పక్కనపెట్టి నేర్చుకునే సమయం ఇవ్వాల్సి ఉండేది. అదీ జీతమిచ్చే గంటల్లోనే. ఎస్‌వి పన్నెండు గంటల షిఫ్టులు, వారానికి మూడు. ఆమె లాగ్‌లో ప్రతి బుధవారం మధ్యాహ్నం ‘చదువు’ అని ఉంది. నేను రోటా (షిఫ్టుల పట్టిక) అడిగి తీసుకుని పక్కన పెట్టి చూశాను. తొమ్మిది బుధవారాల్లో ఏడు రోజులు ఆమె ఫ్లోర్ మీదే ఉంది. ఏజెన్సీ మనిషి రాలేదు, ఎవరికో ఒంట్లో బాగాలేదు, ఏదో ఒకటి. లాగ్ మాత్రం నిండింది. ఎవరు నింపారని నేను రెట్టించలేదు; అందరికీ తెలిసిందే.

సుమారు పన్నెండు వారాలకోసారి మేనేజర్, అప్రెంటిస్, నేను కూర్చునే సమీక్షలో ఈ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టాను. మేనేజర్ మొహం ఎర్రబడింది కానీ వాదించలేదు. చదువు సమయాన్ని ఆమె షిఫ్టు లేని రోజుకు మార్చి, జీతం ఇచ్చి, కింది అంతస్తులో తలుపు వేసుకునే గది ఇచ్చింది. నా వృత్తిలో ఇలాంటి విజయం తక్కువ. రెండు నెలల్లో పోర్ట్‌ఫోలియో రెట్టింపైంది.

కాకపోతే రెట్టింపైంది ‘మేము’ కూడా. ముందు అరపేజీ ‘అందించబడింది’, ఇప్పుడు రెండు పేజీల ‘అందించబడింది’.

మూడో ఊహ: మనవాళ్ళ వినయం

ఇక్కడే నా తెలుగుతనం అడ్డొచ్చింది. అప్పటికి మేమిద్దరం విరామాల్లో తెలుగులో మాట్లాడుకుంటున్నాం. ‘మేడమ్’ పోయి ‘అక్కా’ వచ్చింది. ఒకరోజు పని గురించి తెలుగులోనే చెప్పమన్నాను. “మేం లేపాం, మేం చూశాం, మేం చెప్పాం.” తెలుగులోనూ అదే వరస! నాకు లెక్క తేలిపోయినట్టయింది. మన ఇళ్ళల్లో ‘నేను, నేను’ అని ఎక్కువగా అంటే అహం అంటారు. ఆడపిల్ల అంటే మరీ. ఇది వినయం, పెంపకం అనుకున్నాను. అదే ఆమెతో అన్నాను. “అవునక్కా, అదే అయుంటుంది” అంది.

ఆమె ఎంత తేలిగ్గా ఒప్పుకుందో చూసి నాకు అనుమానం రావలసింది. నేను ఆమె చేతికి గౌరవంగా కనిపించే ఒక కారణాన్ని అందించాను. ఆమె దాన్ని కప్పుకుంది. ఇంగ్లిష్ సహోద్యోగి ఎవరైనా నా స్థానంలో ఉంటే “నాకు అర్థం కావడం లేదు, ఎందుకు?” అని అడిగి ఉండేవారు. నాకు అర్థమైపోయింది కాబట్టి నేను అడగలేదు.

వినయానికి మందు సాధన అని పన్నెండు వాక్యాలు తయారుచేశాం. అన్నీ ‘నేను’తో మొదలయ్యేవి. ఆమె బట్టీపట్టింది. రెండో మాక్‌లో మొదటి పది నిమిషాలు బ్రహ్మాండంగా సాగింది. తర్వాత సహోద్యోగి బట్టీలో లేని ప్రశ్న ఒకటి వేశాడు. వెంటనే ‘మేము’. అంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటి జరిగింది. బట్టీపట్టిన వాక్యాల్లో ఒకదానిలో “నేను డాక్టర్‌కు ఫోన్ చేశాను” అంది. ఫోన్ చేసింది నర్సు. ఆ సంగతి నాకు తెలుసు. అంటే నేను ఆమెకు నేర్పింది ధైర్యం కాదు, అబద్ధం. ఆ పన్నెండు వాక్యాల కాగితాన్ని ఆ సాయంత్రమే తీసేశాను.

టీ కప్పు

పదమూడో నెలలో పరిశీలన కోసం మధ్యాహ్నం షిఫ్టులో వెనకాల నిలబడి ఉన్నాను. మింగడంలో ఇబ్బంది ఉన్న ఒక పెద్దావిడకు టీ ఇవ్వాలి. అలాంటి వాళ్ళకు పల్చటి ద్రవం గొంతులో దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంటుంది. అందుకని పొడి కలిపి చిక్కబరుస్తారు. ఎంత చిక్కగా ఉండాలో స్పీచ్ థెరపిస్టు నిర్ణయిస్తారు. బ్రిటన్‌లో ఇందుకు ఐడీడీఎస్‌ఐ అనే కొలమానం వాడతారు. ఈ పెద్దావిడది లెవెల్ 2.

ఎస్ పొడి కొలిచి వేసింది, కలిపింది, ఆగింది. చెంచా ముంచి వంచి, జారే తీరు చూసింది. కప్పు తీసుకుని మంచం దగ్గరికి వెళ్ళి, పేరు పెట్టి పిలిచింది. ఆవిడ కళ్ళు తెరిచి మళ్ళీ మూసుకుంది. గడ్డం ఛాతీ మీదికి వాలి ఉంది. ఎస్ చెయ్యి కప్పుతో సహా గాలిలో ఒక క్షణం నిలిచిపోయింది. తర్వాత కప్పు పక్కన పెట్టేసింది. మంచం తల వైపు ఎత్తింది, దిండు సర్దింది, కర్టెన్ తీసింది, కిటికీ బయట కనిపించే పిల్లి గురించి ఏదో మాట్లాడింది. ఇరవై నిమిషాల తర్వాత ఆవిడ పూర్తిగా మేలుకున్నాక కొత్తగా టీ కలిపి తెచ్చి, గుక్క గుక్కకూ గొంతు కదలిక చూస్తూ తాగించింది.

పద్దెనిమిది నెలల కోర్సులో చూపించవలసిందంతా ఆ ఇరవై నిమిషాల్లో ఉంది. నేను నోట్సు రాసుకోవడం కూడా మరిచిపోయాను.

తర్వాత ఆమె ట్యాబ్లెట్‌లో రికార్డు నింపుతుంటే భుజం మీదుగా చూశాను. మొదటి కప్పు ఎదురుగా ఇలా ఉంది: “ద్రవం అందించబడింది. నిరాకరించారు.”

“ఆవిడ వద్దనలేదు కదా” అన్నాను.

“లేదు.”

“మరి?”

కాసేపు మాట్లాడలేదు. “ఇవ్వలేదని రాస్తే, ఎందుకు ఇవ్వలేదని నన్నే అడుగుతారు అక్కా. వద్దన్నారని రాస్తే ఎవరూ అడగరు.”

అసలు కారణం

ఆ సాయంత్రం కింది గదిలో చెప్పింది. పాత కేర్ హోం మానేసింది దూరం వల్ల కాదు. అక్కడ ఒక పెద్దాయన కుర్చీలోంచి జారిపడ్డారు. ముగ్గురు కేరర్లు స్టేట్‌మెంట్లు రాశారు. ఇద్దరు “బెల్ మోగింది, స్పందించడం జరిగింది, నర్సును పిలవడం జరిగింది” అని రాశారు. ఎస్ మాత్రం జరిగింది జరిగినట్టు రాసింది: నేను పక్క గదిలో ఉన్నాను, శబ్దం విని వచ్చాను, నేను లేపలేదు, దెబ్బ తగిలి ఉండవచ్చని నర్సును పిలిచాను. ఆమె చేసిందే సరైన పని. కానీ ఆ మూడు కాగితాల్లో మనిషి కనిపించింది ఒక్క ఎస్ కాగితంలోనే. కాబట్టి విచారణ సమావేశాలకు పదే పదే పిలిచింది ఆమెనే. ఏడు వారాల తర్వాత తప్పేమీ లేదని లేఖ వచ్చింది. ఆ ఏడు వారాలూ భర్త వీసాకు ఏమవుతుందోనని నిద్రపోలేదట. డిపెండెంట్ వీసా ఆమె యజమానితో ముడిపడి ఉండదని అప్పుడు ఆమెకు చెప్పిన నాథుడు లేడు.

“అప్పటినుంచి గుంపులో గోవిందా అక్కా” అంది.

వినయం కాదు, భాష కాదు, సమయం కాదు. ఆమె ‘నేను’ అనడం నేర్చుకోలేదని నేను ఏడాదిగా నేర్పుతున్నాను. ఆమె అనకుండా ఉండడం నేర్చుకుంది, మంచి గురువు దగ్గరే.

అదే గంటలో తీసుకోవలసిన నిర్ణయం

కథ విని కరిగిపోయి ఊరుకునే వీలు లేదు. రికార్డులో తప్పు ఉంది. మగతలో ఉన్న మనిషిని ‘నిరాకరించారు’ అని వరసగా నాలుగు రోజులు రాస్తే, ఆవిడ కావాలని తాగడం లేదని నర్సు, డాక్టరు అనుకుంటారు. మగత ఎందుకొస్తోందని ఎవరూ చూడరు. కాబట్టి అది దిద్దాలి. నేనే నర్సుకు చెబితే ఎస్ భయం నిజమని నేనే రుజువు చేసినట్టవుతుంది. చెప్పకపోతే నా బాధ్యత తప్పినట్టు.

“షిఫ్టు అప్పగించే హ్యాండోవర్ లోపల మీరే దిద్దండి. నేను పక్కనే ఉంటాను, మాట్లాడను” అన్నాను. ఆమె చాలాసేపు స్క్రీన్ చూసింది. తర్వాత సవరణ ఎంట్రీ పెట్టింది: మూడూ పదికి మగతగా ఉన్నారు, నేను ఇవ్వలేదు, పైకి కూర్చోబెట్టాను, మూడున్నరకు పూర్తి మెలకువలో ఇచ్చాను, 120 మిల్లీలీటర్లు తాగారు. నర్సుకు చూపించింది. నర్సు చదివి, “మధ్యాహ్నం పూట మగత ఎక్కువవుతోందా? మందుల సమీక్షకు రాసుకుంటాను” అని పెన్ను తీసింది. అంతే. అరిచింది లేదు, మెచ్చుకున్నదీ లేదు.

ఇది నా తెలివి కాదని ఒప్పుకోవాలి. ఆ రోజు డ్యూటీలో చిరాకుపడే నర్సు ఉంటే ఈ కేసు మరోలా ముగిసేది, నేను దీన్ని రాసేదాన్ని కాదు కాబోలు.

ఆ తర్వాత పనిచేసినవి

మొదట మేనేజర్‌తో కూర్చున్నాం. నేను అడిగింది ఒక్క పేజీ: పోర్ట్‌ఫోలియోలో అప్రెంటిస్ తన ఆలోచన గురించి రాసుకున్నదాన్ని క్రమశిక్షణ చర్యకు వాడబోమని. మేనేజర్ సూటిగా అడిగింది: “మందు తప్పు ఇచ్చానని అందులో రాస్తే?” న్యాయమైన ప్రశ్న. ఏ పొరపాటైనా ముందు అందరిలాగే ఇన్సిడెంట్ ఫారంలోకి వెళ్ళాలి, పోర్ట్‌ఫోలియో దాని తర్వాత మాత్రమే అని రాసుకున్నాం. ఎవరికైనా హాని జరిగిందనో జరగబోతోందనో తెలిస్తే నేను దాచలేనని కూడా అదే పేజీలో పెట్టాం. పూర్తి గోప్యత ఇస్తానని చెప్పి ఎస్‌ను మెప్పించడం తేలికే. కానీ ఒకసారి కాగితం వల్ల మోసపోయిన మనిషికి నిలబెట్టుకోలేని మాట ఇవ్వకూడదు. ఎక్కడ గీత ఉందో తెలిశాకే ఆమె కుదుటపడింది. ‘డ్యూటీ ఆఫ్ క్యాండర్’ అని 2015 నుంచి కేర్ హోంలన్నిటికీ వర్తించే చట్టపరమైన బాధ్యత ఒకటుంది: హాని జరిగితే ఆ మనిషికీ, వాళ్ళ తరఫు వాళ్ళకూ నిజం చెప్పి క్షమాపణ కోరాలి. దాని గురించి క్లాసులో పాఠం చెప్పాను కూడా. నిజం చెప్పినవాళ్ళకే చెయ్యి కాలితే ఆ పాఠం గోడ మీది కాగితమేనని చెప్పడం మాత్రం మరిచాను.

రెండోది, ప్రశ్న మార్చాను. “మీరు ఏం చేశారు?” అన్న ప్రశ్నలో ఆమెకు విచారణ గది వినిపిస్తోంది. “ఈ రోజు మీ చెయ్యి ఎక్కడ ఆగింది?” అని అడగడం మొదలుపెట్టాను. కేర్ పనిలో నిర్ణయం చాలాసార్లు ఆగడంలోనే ఉంటుంది: ఇవ్వకపోవడం, లేపకపోవడం, తొందరపెట్టకపోవడం. షిఫ్టు ముగిశాక స్టాఫ్ రూంలో కూర్చుని, ఎవరి పేరూ లేకుండా, మా పోర్ట్‌ఫోలియో యాప్‌లో మూడు నిమిషాల వాయిస్ నోట్ పెట్టమన్నాను. వాట్సాప్‌లో వద్దన్నాను. భాష ఆమె ఇష్టం.

మొదటి వారం అన్నీ తెలుగే. ఇక్కడ మాత్రం తెలుగు పనికొచ్చింది. ఇంగ్లిష్‌లో ‘ఐ’ అనే అక్షరం వాక్యం ముందు నిలబడి ఉంటుంది, తప్పించుకోలేం. తెలుగులో ‘నేను’ అనకుండానే నేను ఉండవచ్చు. ‘ఆపాను’ అంటే చాలు, క్రియ చివర నేనున్నాను. ఆమె నోట్స్‌లో ‘ఆపాం’, ‘చూశాం’ అన్నవి మెల్లగా ‘ఆపాను’, ‘చూశాను’గా మారాయి. నేను దిద్దలేదు. మూడో వారం తర్వాత అదే నోట్‌ను ఆమే ఇంగ్లిష్‌లో మళ్ళీ చెప్పేది. నర్సు చేసిన పని నర్సుదిగానే ఉంచింది: “నేను గమనించాను, ఆమె ఫోన్ చేశారు.” ఈ విభజన స్పష్టం కావడం నాకు ‘నేను’ రావడం కంటే ఎక్కువ అనిపించింది.

ఒకటి పనిచేయలేదు. హ్యాండోవర్‌లో ఎవరు గమనించారో పేరు పెట్టి చెప్పమని నర్సులను కోరాం. వారం చేశారు, మరిచారు. ఉదయం ఏడున్నర, ఎనిమిది మధ్య ఆ గదిలో ఉండే హడావుడి చూసినవాళ్ళెవరూ వాళ్ళను తప్పుపట్టరు.

గేట్‌వే, ఫలితం

చివరి పరీక్షకు అప్రెంటిస్ సిద్ధమని నిర్ధారించే దశను ‘గేట్‌వే’ అంటారు. పద్దెనిమిదో నెల వచ్చేసరికి ఎస్ ఇంకా సిద్ధం కాదని నా అభిప్రాయం. ఇక్కడ డబ్బు సంగతి దాచకుండా చెప్పాలి. శిక్షణ ధరలో 20 శాతం కోర్సు పూర్తయ్యాకే మా సంస్థకు వస్తుంది. అనుకున్న తేదీ దాటి సాగుతున్నవాళ్ళు ఎందరని ప్రభుత్వం ప్రొవైడర్లను లెక్క అడుగుతుంది. నా మేనేజర్ రెండుసార్లు ఫోన్ చేశాడు. నేను పాత వాయిస్ నోట్, కొత్త వాయిస్ నోట్ రెండూ వినిపించి, ఇంకో రెండు నెలలు కావాలన్నాను. ఒప్పుకున్నాడు, సంతోషంగా మాత్రం కాదు.

ఇరవయ్యో నెలలో డిస్కషన్ జరిగింది. నేను ఆ గదిలో లేను, ఉండకూడదు. అసెసర్ కరేజ్ గురించి అడిగితే ఎస్ టీ కప్పు కథ చెప్పిందట, ట్యాబ్లెట్‌లో తప్పు రాసిన సంగతితో సహా. అది చెప్పమని నేను అనలేదు. అడిగి ఉంటే వద్దనేదాన్నేమో. ఫలితం పాస్. అంతకన్నా పై గ్రేడ్ రాలేదు. బృందాన్ని నడిపించే విషయంలో ఆధారాలు పలచగా ఉన్నాయని ఫీడ్‌బ్యాక్ వచ్చింది. నిజమే, ఆ భాగానికి మాకు సమయం మిగలలేదు. ఏడాది నేను వేరే దారుల్లో తిప్పాను.

ఆమె మెసేజ్ పెట్టింది: “మనం పాసయ్యాం” అని.